నోరులేని డబ్బా

నాకు కుదురు లేదని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. గనిలో షిఫ్టు దిగి ఇంటికొచ్చాక కూడా నా కాళ్ళు ఆగవు. ముందుగది నుంచి వంటింటికి, వంటింటి నుంచి ముందుగదికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాను. ఆ వారమైతే మరీనూ. టీవీ కింద కొత్త గేమ్ కన్సోల్ పెట్టాను. తెర మీద ఒక సన్నటి గీత. ఆ గీత కుడివైపు చివరికి పాకితే ఆట డబ్బాలోకి దిగినట్టు. అది పాకదు. బస్తర్ అడవుల మధ్య మా కిరందుల్లో నెట్‌వర్క్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. వాన పడితే పోతుంది, కరెంటు పోతే పోతుంది, అడవిలో ఎక్కడో కాల్పులు జరిగాయంటే పైవాళ్ళే ఆపేస్తారు. గీత కాస్త కదలడం, ఆగడం, నేను వైరు పీకి మళ్ళీ పెట్టడం, అది మొదటికి రావడం. ఇదే పని.

"ఏందయ్యా, నువ్వట్ల గుడ్లప్పగించి చూస్తే అది ఉరుకుతదా?" అంది మా ఆవిడ. ఆమెది కొంటా ఊరు. ఆమె తెలుగు శబరి ఒడ్డుది, మా తెలుగు విజయనగరం వైపు నుంచి రైలుపట్టాల వెంట ఇక్కడికి ఎక్కొచ్చింది. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఒకరి మాటను ఒకరం వెక్కిరించుకుంటూనే ఉంటాం.

నా తిప్పలకి ఆమె నవ్వుతోంది గానీ, కిటికీ పక్కన కుర్చీలో మా నాన్న నవ్వడం లేదు. పేపరు చదువుతున్నారు. పొద్దున్నుంచీ అదే పేజీ.

నన్ను స్థిమితంగా ఉండనివ్వనిది నిజానికి ఆ గీత కాదు, ఆ పేజీ. డబ్బా కొనుక్కొచ్చి విప్పిన రోజున ఆయన కళ్ళజోడు పెట్టుకుని వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పారు. నాలుగు పక్కలా వేలు పెట్టి తడిమారు.

"దీని నోరేదిరా?" అన్నారు.

"నోరు లేదు నాన్నా. డిస్కు పెట్టక్కర్లేదు."

"కార్డో?"

"అదీ లేదు. ఆట నెట్‌లోంచి దిగుతుంది. మనం ఆడిందంతా పైన ఎక్కడో దాచుకుంటుంది. నేనిక్కడ ఆడి ఆపితే, అక్క జగదల్‌పూర్‌లో తీసినా కనబడుతుంది."

"ఐతే పట్టుకెల్లక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు."

"మంచిదే" అన్నారాయన. కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు. ఆ పూట మారు అన్నం వడ్డించుకోలేదు.

ఆ 'మంచిదే'లో ఎంత ఉందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా నాన్న గూడ్సు బండికి గార్డు. ఇప్పుడా ఉద్యోగానికి ఇంకేదో పేరు పెట్టారు గానీ ఆయన లెక్కలో ఆయన గార్డే. ఇనుపరాయి నింపుకున్న బండికి చిట్టచివర, బ్రేక్ వ్యాన్‌లో ఒక్కరే కూచుని, జెండాలూ లాంతరూ పెట్టుకుని జగదల్‌పూర్ దాకా వెళ్ళేవారు. వెళ్ళేది తెలుసు, వచ్చేదెప్పుడో ఎవరికీ తెలియదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అక్క. అప్పటికి తనూ పిల్లే. నేను క్షణం ఇంటిపట్టున ఉండేవాణ్ణి కాను, సైడింగులో ఆగిన వ్యాగన్ల కింద దూరేవాణ్ణి. నన్ను గదిలో కట్టిపడేయడానికి అక్క నాన్నని సతాయించి విశాఖ నుంచి ఒక గేమ్ కన్సోల్ తెప్పించింది. డిస్కు పెట్టి ఆడేది. పక్కన అగ్గిపెట్టంత మెమరీ కార్డు గుచ్చాలి. ఎక్కడిదాకా ఆడామో ఆ కార్డులో ఉంటుంది.

మా దగ్గరున్న డిస్కులో ఊరు కట్టే ఆట. ఒక ఏరు, దాని మీద కట్టీ కట్టని వంతెన, నాలుగు మడిచెక్కలు. ఆటలో ఒకే మనిషి ఉంటాడు కాబట్టి వంతులు వేసుకునేవాళ్ళం. నేను ఆదరాబాదరాగా ఎక్కడ పడితే అక్కడ ఇళ్ళు లేపేవాణ్ణి. నా వంతు అయ్యాక అక్క వాటిని ఓపిగ్గా పడగొట్టి వరసలో కట్టేది. నేను ఏడ్చేవాణ్ణి. అన్నం పెడుతూ, "ఏరొస్తే కొట్టుకుపోదురా నీ ఇల్లు?" అని అక్క అడిగేది. అమ్మ గురించి నాకు గుర్తున్నవి చాలా తక్కువ. ఆ స్థానంలో ఈ ఊరే ఉంది.

అక్క పెళ్ళి మాకు రెండు వరసల అవతల క్వార్టరులో ఉండే క్రైస్తవుల అబ్బాయితో అయింది. వాళ్ళదీ మా వైపే, వాళ్ళ నాన్నా రైల్వేయే. అతను లోకో పైలట్ అయ్యాడు, అక్క అతన్నే చేసుకుంటానంది, చర్చిలో చేసుకుంది. నాన్న వెళ్ళలేదు. క్వార్టర్ల వరస మొత్తం వినేలా వాకిట్లో నిలబడి, "దాని గుమ్మం నాను తొక్కను" అన్నారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మొండివాడు గార్డు కూడా అయితే ఇంక చెప్పేదేముంది? రూలు పుస్తకం పట్టుకుని బతికిన మనిషి. నోటి నుంచి మాట వచ్చిందంటే అదొక రూలైపోతుంది.

అక్క జగదల్‌పూర్ వెళ్ళిపోయాక నేను ఆ ఆట ముట్టుకోలేదు. కోపం. ఆమె మీదో, ఆయన మీదో, లేక ఇద్దరి మీదో. అక్క ఎవరిచేతో కబురు పెట్టింది, "మన ఊరు ఏమైందిరా, వంతెన పూర్తి చేశావా?" అని. ఆ కబురు నాన్న ముందే చెప్పారు వచ్చినవాళ్ళు. ఆయన విననట్టే ఉన్నారు. మర్నాడు పొద్దున్న డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ నా వైపు చెయ్యి చాపారు.

"ఇలా తే."

"ఏది?"

"మీ ఊరు."

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. కార్డు పీకి ఇచ్చాను. యూనిఫాం చొక్కాకి ఎడమవైపు విజిల్ పెట్టుకునే జేబు ఉంటుంది. కార్డుని చేతిగుడ్డలో చుట్టి ఆ జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నారు.

మా లైను మీద ఇది వింతేమీ కాదు. విశాఖ నుంచి ఎండుచేపలు, కొత్తవలస నుంచి ఆవకాయ కాయలు, అరకు నుంచి అల్లం, ఎవరికి ఏది కావాలన్నా డ్యూటీలో ఎవరో ఒకరు పట్టుకొస్తారు. కానీ ఒక ఊరిని మోసుకెళ్ళింది మాత్రం మా నాన్న ఒక్కరే. బావ ఎక్కడో వాడేసిన కన్సోలొకటి, అచ్చం మాలాంటిదే, అదే ఆట డిస్కుతో సహా సంపాదించాడు. అక్క ప్లాట్‌ఫారం మీదికొచ్చి కార్డు తీసుకునేది. మళ్ళీ ట్రిప్పుకి తిరిగిచ్చేది. తోటి గార్డు ఒకాయన, "గుమ్మం తొక్కనన్నారు కదండీ" అని ఏడిపిస్తే, "ప్లాట్‌ఫారానికి గుమ్మం ఎక్కడుందయ్యా?" అన్నారట.

కార్డు తిరిగొచ్చిన రోజు నేను గుచ్చి తెర వెలిగించేదాకా ఆయన బూట్లు విప్పేవారు కాదు. పేపరు అడ్డం పెట్టుకుని, పైనుంచి చూసేవారు.

"ఏటి కట్టింది?"

"ఇంటికి ఎర్ర పెంకు వేసింది నాన్నా."

"ఎరుపే మంచిది. ఇక్కడి దుమ్ము కనబడదు."

ఒకసారి తెర మీది మా ఊళ్ళో ఇంటి పక్కన చిన్న ఇల్లొకటి, దానికి ఉయ్యాల వచ్చాయి. నాన్న పేపరు దించేశారు. అక్కకి బిడ్డ పుట్టబోతోందని మాకు అలా తెలిసింది. పుట్టిన ఆడపిల్ల కూడా ప్లాట్‌ఫారం మీదే తాతకి అలవాటైంది. నడక, మాట, పళ్ళూడటం, అన్నీ ఆయన బండి ఆగిన కాసేపట్లో చూసినవే. 'ప్లాట్‌ఫారం తాత' అని పిలిచేది. ఆయన ఆ పేరుని అందరికీ నవ్వుతూ చెప్పేవారు. నేను మాత్రం విన్నప్పుడల్లా లేచి అవతలికి పోయేవాణ్ణి.

రిటైరయ్యాక ఆయన నా దగ్గరే ఉన్నారు. నేనూ ఇక్కడే గనిలో, రాయి వచ్చే బెల్టు దగ్గర చేరాను కదా. గూడ్సు బండి పోయినా కార్డు ఆగలేదు. పాసు మీద పొద్దున్న పాసింజరెక్కి వెళ్ళేవారు, సాయంత్రం బండికి వచ్చేసేవారు. యూనిఫాం లేదు కాబట్టి మా ఆవిడ చేత మామూలు చొక్కాకే విజిల్ జేబు కుట్టించుకున్నారు. "మామయ్యకు విజిలు లేకపాయె, జేబెందుకు?" అని ఆమె అడిగితే నేను చెప్పాను. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఇనుపరాయి దుమ్ము ఎవరినీ వదలదు. బట్టల్లో, బియ్యంలో, ఊపిరిలో ఉంటుంది. కన్సోల్ లోపల ఫ్యాను ఉంటుంది, అది గాలితో పాటు దుమ్మునీ లాగుతుంది. ఎన్నిసార్లు విప్పి తుడిచినా మాది చదవడం మానేసింది. డిస్కు తిరుగుతుంది, రొప్పుతుంది, ఆగిపోతుంది. జగదల్‌పూర్‌లో రిపేరు చేసే అతను, "ఇసకా లెన్స్ అబ్ నహీ మిల్తా" అంటూ, ఆ లెన్సు ఇక దొరకదని తేల్చి మూత బిగించి ఇచ్చేశాడు. అక్కదీ అదే దారిలో ఉంది. సరిగ్గా అప్పుడే మా ఊరి ఆట కొత్త కన్సోల్‌కి కొత్తగా వచ్చిందని తెలిసింది. పైగా ఇందులో ఇద్దరు మనుషులుంటారట, ఎక్కడివాళ్ళక్కడ కూచుని ఒకేసారి ఆడవచ్చట. నేను ఎగిరి గంతేశాను. బావ అక్కడొకటి కొన్నాడు, నేనిక్కడొకటి.

మా ఊరు పాత కార్డులోనే ఉండిపోయింది, అది ఈ డబ్బాలోకి రాదు. మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. అది అక్కకీ నాకూ పెద్ద బాధ కాదు. కానీ నాన్న జగదల్‌పూర్ వెళ్ళడానికి ఇంక కారణం లేకుండా పోయింది. 'చూడాలని ఉంది' అన్నది ఆయన ఎప్పటికీ ఒప్పుకోని కారణం. అక్కకి ఫోన్ చేసి అదే చెప్పాను. "దుమ్ము దులిపి ఆ పాతదే మళ్ళీ చూడరా" అంది. చూశాను. డిస్కు రొప్పింది, ఆగింది.

ఫోనులో వీడియోలు చూస్తుంటాను, రాబోయే కన్సోళ్ళ గురించి. ఇంకొన్నాళ్ళకి ఈ నోరులేని డబ్బా కూడా ఉండదట. ఆట ఎక్కడో ఊళ్ళో నడుస్తుందట, మన టీవీకి బొమ్మ వస్తే చాలట. కొనుక్కున్న ఆట మనది కాదట, నెలనెలా కట్టినంతకాలమే తలుపు తెరుస్తారట. చెప్పేవాడు ఎంత హుషారుగా చెబుతాడో! వాణ్ణి తెచ్చి ఒక వానాకాలం కిరందుల్లో కూచోబెట్టాలనిపిస్తుంది. మోసుకెళ్ళే బరువు లేకుండా చేయడమే గొప్ప అనుకుంటారు. ఆ బరువు తప్ప ఇంకేదీ చేతిలో లేని మనిషి ఒకడుంటాడని వాళ్ళకి తట్టదు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

సరే, ఆ గీత కదలడం లేదు కదా. వారమంతా నా తిరుగుడు చూసి చూసి మా ఆవిడ విసిగిపోయింది.

"ఇదేమన్న కొత్తనా? సిలిండర్ లెక్కనే. ఖాళీది ఆడికి తోలి నింపుకొస్తే అయిపాయె. వదినె వాళ్ళింట్ల నెట్టు మంచిగుంటదంటివి గద."

నేను తిరగడం ఆపేశాను. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? నాకు సెలవు లేదు. నేను నోరు తెరిచేలోపే కిటికీ దగ్గర పేపరు మడిచిన చప్పుడైంది.

"నానెల్తాను" అన్నారు నాన్న.

డబ్బాని పాత దుప్పట్లో చుట్టి మూట కట్టాం. నా కంగారులో నేను జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాను. "మధ్యలో ఆపకూడదు నాన్నా. ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది, మనింట్లో చూశారుగా. నిండేదాకా ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి."

"ఎవురుంటారు?"

"అక్క ఉంటుంది."

"ఇస్కూలుకి ఎల్తాది కదా, టీచరు."

"బావ."

"డూటీ."

"అదే నిండుతుందిలెండి. ప్లాట్‌ఫారం మీద అక్కకిచ్చి వచ్చేయండి, నిండాక ఇంకో రోజు తెచ్చుకోవచ్చు."

"ఊఁ" అన్నారాయన. ఆ ఊఁ ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగి స్టేషనుకి వెళ్ళాను. బండి ఆలస్యం. ఇనుపరాయి బళ్ళు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాక గానీ పాసింజరుకి దారివ్వరు. చివరికి వచ్చింది. దిగేవాళ్ళందరూ దిగారు. నాన్న లేరు. బండి ఈ చివర నుంచి ఆ చివరకి పెట్టెపెట్టెలోకీ తొంగిచూశాను. ఈ లైను మీద మనిషి రాకపోతే మనసు ఎక్కడెక్కడికి పోతుందో ఇక్కడివాళ్ళకే తెలుసు. ఫోనులో సిగ్నల్ గీతలు లేవు. వాటర్ ట్యాంకు మెట్ట మీద అయితే దొరుకుతుందని పరుగెత్తాను. రెండు అడుగులు ఎడమకి, మళ్ళీ కుడికి, ఫోను నెత్తిమీద పెట్టుకుని. ఎలాగో కలిసింది.

"అక్కా, నాన్న రాలేదే!"

అక్క గుసగుసగా మాట్లాడింది. "ఇక్కడే ఉన్నార్రా."

"ఎక్కడ? స్టేషన్లోనా?"

"మా ఇంట్లో."

అక్క తనే చెప్పుకుపోయింది. ప్లాట్‌ఫారం మీద మూట ఇచ్చారట గానీ ఇటు కొస వదల్లేదట. దీని దగ్గర ఎవరుంటారమ్మా అని అడిగారట. ఎవరూ అక్కర్లేదు నాన్నా అంటే, "బండి ఇంకా దారిలో, సెక్షన్లో ఉండగా గార్డు దిగిపోడమ్మా" అని తనే మూట ఎత్తుకుని ఆటో ఎక్కేశారట. ఇంటి ముందు మాత్రం ఆగిపోయారట. అక్క లోపలికెళ్ళి డబ్బాకి వైర్లు తగిలించిందట. బయటినుంచే, "నిండుతోందా?" అని కేకేశారట.

"ఏమన్నావు?"

"నాకెలా తెలుస్తుంది, మీరే వచ్చి చూడండి అన్నాను. చెప్పులు విప్పి వచ్చేశార్రా. దాని ముందు కుర్చీ వేసుకుని కూచున్నారు. అప్పట్నుంచీ లేవలేదు." వెనక మేనకోడలి గొంతు వినబడుతోంది, "ప్లాట్‌ఫారం తాత మనింట్లో ఎందుకున్నారమ్మా?" అని.

"తిన్నారా?"

"తిన్నారు. చేపల పులుసు. ఉప్పు తక్కువైందన్నారు."

వాటర్ ట్యాంకు కింద నిలబడి నేను ఏడ్చాను. చుట్టూ మనుషులున్నారా లేదా అని కూడా చూసుకోలేదు. అమ్మ పోయినప్పుడు ఏడవడానికి నాకు వయసు లేదు, అక్క వెళ్ళినప్పుడు పంతం కొద్దీ ఏడవలేదు. అవన్నీ కలిసి అప్పుడు వచ్చినట్టున్నాయి.

మర్నాడు సాయంత్రం ఆయన మూట చంకన పెట్టుకుని దిగారు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. "నిండింది. మొత్తం నిండింది. నాను సూసేను" అన్నారు. ఇంటిదాకా ఆయనే మోశారు. గుమ్మం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ ఆదివారం అక్కా నేనూ ఆడాం. కొత్త ఊరు, కొత్త ఏరు. మొదటిసారి ఇద్దరు మనుషులం తెర మీద ఒకే ఒడ్డున నిలబడ్డాం. అక్క బొమ్మ నా చుట్టూ గంతులేసింది. నేను కట్టిన గోడని అక్కడికక్కడే పడగొట్టింది. ఫోనులో ఇద్దరం అరుచుకుంటున్నాం. వంతెనకి దుంగలు ఎత్తబోతుండగా నెట్‌వర్క్ పోయింది. నా మనిషి చెయ్యి పైకెత్తి అలాగే బిగుసుకుపోయాడు. మామూలుగా అయితే నేను లేచి తిరుగుడు మొదలుపెట్టేవాణ్ణే. కానీ నా కన్నా ముందు నాన్న లేచారు. ముందుగది నుంచి వంటింటికి, వంటింటి నుంచి ముందుగదికి.

తర్వాత్తర్వాత అది రోజూ చూశాం. పేపరు తీస్తారు, పెడతారు. పాసు తీసి చూసుకుంటారు, పెట్లో పెడతారు. పొద్దున్న పాసింజరు కూత వినబడితే వాకిట్లోకి వెళ్ళి నిలబడతారు. "నీ జబ్బు మామయ్యకు తాకినట్టున్నదే" అంది మా ఆవిడ. పోయి రండి నాన్నా అని నేను రెండుమూడు సార్లు అన్నాను. "ఊరికే ఏటికి?" అనేవారు. బతుకంతా సరుకుతో వెళ్ళిన మనిషి. ఉత్త చేతులతో బండెక్కడం ఆయనకి రాదు.

ఒకరోజు నేను షిఫ్టుకి తయారవుతున్నాను. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, ఏదో గాలి సంగతి అడిగినట్టు అడిగారు.

"ఒరే, ఇది మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతాదిరా?"

ఒకసారి నిండితే ఖాళీ అవదు నాన్నా అని చెప్పాలి. నిజం అదే. పేపరు పట్టుకున్న చేతులు చూశాను. కదలడం లేదు.

"అయిపోయింది నాన్నా, నిన్ననే. చెప్పడం మర్చిపోయాను" అన్నాను.

అని లోపలికెళ్ళి డబ్బా వెలిగించాను. మేం కట్టుకున్నదంతా పైనే ఎక్కడో భద్రంగా ఉంటుందని తెలుసు. ఆట మీదికి వెళ్ళి తీసెయ్ అన్నాను. నిజంగానే తీసెయ్యమంటావా అని అది అడిగింది. అవునన్నాను. నిండడానికి అంత సతాయించింది, ఖాళీ అవడానికి క్షణం కూడా పట్టలేదు. నేను వైర్లు పీకి డబ్బా పట్టుకుని బయటికొచ్చేసరికి నాన్న వాకిట్లో నిలబడి దుప్పటి దులుపుతున్నారు.